మా చేలో నెర్రె గారికి

మహారాజశ్రీ నెర్రె గారికి,

నాగులుప్పలపాడు వైపు నల్లరేగడి రైతు రాసుకునేది.

పోయిన నెల నా చేతిలోంచి జారిన 12-13 స్పానర్ తమరి నోట్లో పడింది. మూరన్నర కట్టె పెట్టి కెలికితే కట్టె మొత్తం దిగింది గానీ స్పానర్ తగల్లేదు. ఇనుము అరగదులే, ఎప్పటికైనా దొరుకుతుందని ఊరుకున్నాను. యూరియా మాత్రం మీకు బాగానే అరుగుతున్నట్టుంది.

మబ్బు పట్టిందని పత్తికి యూరియా చల్లాను. రాత్రికి వాన దంచింది. పొద్దున్నే మా బాబాయి ఫోను: "ఒరేయ్, ఇక చేను లేచినట్టే!" వెళ్లి మీకు జానెడు దూరంలో మట్టి గీరితే, పైన చెమ్మ, కింద పొడి. కాగితాల్లో మాత్రం మా మండలానికి వాన బాగా పడినట్టే. ఆకాశం నుంచి పడిందే రాస్తారు, వేరుకు అందింది ఎవరు రాస్తారు?

అనుమానం తీరక, బట్టలకు పెట్టే నీలిమందు బకెట్ నీళ్లలో కలిపి తమరికి తాగించాను. కాసేపాగి పక్కనే పలుగుతో తవ్వాను. నీలం మీ గోడల వెంట నడుము లోతుకు దిగిపోయింది. రెండు వేళ్ల ఇవతల మట్టికి చుక్క అంటలేదు. ఎప్పుడో కుళ్లిపోయిన కంది వేరు వదిలిన బొరియ కూడా నీలంగానే ఉంది. మీ చుట్టమే అయ్యుంటుంది.

చెన్నై లారీలు ఒంగోలు ఊళ్లోకి రాకుండా బైపాస్ మీద పోతాయే, అలా పోతున్నాయి మా నీళ్లు. పత్తి వేళ్లు పాత బస్టాండులో నిలబడి ఎదురుచూస్తున్నాయి.

మీ తప్పేమీ లేదట. నల్లరేగడిలోని మాంట్‌మోరిల్లొనైట్ బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది, మీరు పుడతారు. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్‌ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో లాస్, గిల్బర్ట్, వారింగ్టన్ అనే ముగ్గురు, కొంత నీరు మట్టిని తడపకుండా పెద్ద సందుల్లోంచి నేరుగా దిగిపోతుందని 1882లోనే రాసిపెట్టారు. అంటే మీ మీద కేసు 140 ఏళ్ల పైమాటే. ఇంకా వాయిదాలే.

నీళ్ల సంగతి సర్దుకుంటాను. గట్టు మీద పురుగుమందు డబ్బా కడిగి పారబోసినా మట్టి పట్టేసుకుంటుందిలే అని ఇన్నాళ్లూ నా ధీమా. పట్టుకోవాలంటే ముందు మట్టికి తగలాలి కదా! యూరియా మట్టిలో మారి అయ్యే నైట్రేట్ అయితే తగిలినా ఆగదు, దానికీ బంకమట్టికీ రెండింటికీ ఋణావేశమే. చేను పక్క బావి నీళ్లు పరీక్షకు ఇస్తే నైట్రేట్ తాగునీటికి పెట్టిన లీటరుకు 45 మిల్లీగ్రాముల గీత దాటిందన్నారు. నేను కొన్న యూరియా నా చెంబులోకే డోర్ డెలివరీ!

పైగా వాన పడగానే నోరు మూసుకుని ఏమీ ఎరగనట్టు కూర్చుంటారు. లోపల దారి అలాగే ఉంటుందనీ, ఎండ కాస్తే ఇంచుమించు అక్కడే మళ్లీ నోరు తెరుస్తారనీ మాకు తెలియదా?

సోమవారం గుంటక తోలుతున్నాను. పైమట్టి మీ నోట్లోనే పడుతుంది. ఈలోగా ఆ స్పానర్ ఇచ్చేయండి, గుంటక బోల్టు బిగించాలి.

ఇట్లు,
తమరికి యూరియా మేపుతున్న రైతు