జూనోకి రోడ్డు లేదు, అయినా రాజధాని అక్కడే ఉండనివ్వండి

మొన్న సంక్రాంతి భోజనాల దగ్గర మళ్లీ అదే చర్చ: అమెరికాలో మా అలాస్కా రాష్ట్రానికి రాజధాని జూనోలో ఉండాలా, వద్దా అని. "రోడ్డు కూడా లేని ఊళ్లో రాజధాని ఏంటండీ, ఆంకరేజ్‌కి తెచ్చేస్తే గొడవ వదిలిపోతుంది కదా" అని ఒకాయన అన్నారు, అందరూ తలూపారు. రెండేళ్ల కిందటి దాకా నేనూ అదే మాట అనేదాన్ని.

జూనో దూరమే, కాదనను. అలాస్కా జనంలో సగానికి పైగా ఆంకరేజ్‌లో, పక్కనున్న మ్యాట్-సూ లోయలో ఉంటే, రాజధాని ఐదొందల మైళ్లకు అవతల ఉంది. ముందు సముద్రం, వెనక నిటారు కొండలు, వాటి మీద మంచు. విమానమో ఫెర్రీయో తప్ప దారి లేదు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు పొగమంచులో రన్‌వే కనపడక విమానం దిగినట్టే దిగి మళ్లీ పైకి లేచింది, ఆ రాత్రి సిట్కా అనే ఇంకో ఊళ్లో పడుకున్నాం.

మర్నాడు జూనోలో మేం బస చేసిన ఇంటావిడ, రాజధాని పోతుందన్న మాట తను చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నానంది. ఆ మాట లేచినప్పుడల్లా ఊళ్లో వాళ్లు ఇంటి కప్పు మార్పించుకోవడానికి కూడా వెనకాడేవారట. నాకు వెంటనే మా పెదనాన్న గుర్తొచ్చారు. తుళ్లూరు పక్కన రెండెకరాలు ల్యాండ్ పూలింగ్‌కి ఇచ్చిన మనిషి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక, వసారాలో కూర్చుని ప్లాటు కాగితాల మడతలు విప్పి చూసి, మళ్లీ మడిచి పెట్టుకునేవారు. ఫోన్ చేస్తే "ఏమోనమ్మా" అనేవారు, అంతే.

అలాస్కా వాళ్లు 1974లో రాజధాని మార్చాలనే ఓటేశారు. 1976లో ఆంకరేజ్‌కి ఉత్తరాన విల్లో అనే చోటు ఎంచుకున్నారు. కానీ 1978లో, మొత్తం ఎంత ఖర్చవుతుందో ముందు చెప్పి ఒప్పుకుంటేనే డబ్బు తీయాలని చట్టం పెట్టుకున్నారు. 1982లో లెక్క వచ్చింది: 280 కోట్ల డాలర్లకు పైనే. ఐదు లక్షల మంది కూడా లేని రాష్ట్రం! జనం వద్దన్నారు. 1994లో మ్యాట్-సూ లోయలోని వాసిల్లాకి మారుద్దామన్నా, 2002లో శాసనసభ ఒక్కటైనా ఆ లోయకి తెద్దామన్నా అదే జవాబు. మనవైపు రాజధాని పెట్టేటప్పుడూ, ఆపేటప్పుడూ ఖర్చు లెక్క ముందు పెట్టి జనాన్ని ఓటు అడిగినవాళ్లు లేరు, అందుకే ఇది చదివినప్పుడు నాకు కడుపు రగిలింది.

ఇంకో మాట. ఆంకరేజ్‌కి తెస్తే జనానికి దగ్గరవుతుందంటారు, ఏ జనానికి? పడమటి అలాస్కాలోని బెతెల్‌కీ నోమ్‌కీ కూడా బయటి నుంచి రోడ్డు లేదు, వాళ్లకి జూనో అయినా ఆంకరేజ్ అయినా విమానమే. వాళ్లు సొంత ఊళ్లోని శాసనసభ సమాచార కార్యాలయం నుంచే, జనం మాట వినే శాసనసభ కమిటీ హియరింగ్‌లో ఫోన్‌లో మాట్లాడతారు. పోయిన మార్చిలో స్కూలు బడ్జెట్ మీద నేనూ ఆంకరేజ్ నుంచి అలాగే రెండు నిమిషాలు మాట్లాడాను. కాకపోతే ఆ రెండు నిమిషాల కోసం పని మానుకుని మధ్యాహ్నమంతా లైన్‌లో వేచి ఉన్నాను, హియరింగ్ సంగతి కూడా ముందురోజు రాత్రి ఎవరో చెబితే తెలిసింది.

మనం అడగాల్సింది అదీ. హియరింగ్ తేదీ వారం ముందు చెప్పాలి, సాయంత్రం పూట పెట్టాలి, లైన్‌లో ఉన్న చివరి మనిషి దాకా వినాలి. ఈ సెషన్ అయిపోయేలోగా మీ ప్రతినిధికి ఒక ఉత్తరం రాయండి, తెలుగువాళ్లం పది మంది రాసినా ఇక్కడ లెక్కలోకి వస్తుంది.