మెకంజీ అంటే మనకు కైఫియత్తులే

మెకంజీ ఇంటిపేరు మీద వ్యాసం బాగుంది. కాయిన్యఖ్ అనే పూర్వీకుడి కొడుకులన్న అర్థమూ, 1793లో కెనడా దాటి పసిఫిక్ తీరం చేరిన అలెగ్జాండర్ మెకంజీ సంగతీ చెప్పారు. కానీ కాలిన్ మెకంజీని వదిలేస్తే ఎలాగండీ? ఆయనదీ అలెగ్జాండర్ పుట్టిన, స్కాట్లండ్‌లోని స్టోర్నోవే ఊరే. 1815లో భారత మొదటి సర్వేయర్ జనరల్, అంటే దేశం కొలతలు, పటాల పనికి పెద్ద అధికారి అయ్యాడు. మన ఊళ్ల చెరువులు, గుళ్లు, మాన్యాలు, పొలిమేరలు, కరణాల కవిలెలు (ఊరి లెక్కల పుస్తకాలు) ఎక్కించిన కైఫియత్తులు, అంటే ఊరి చరిత్ర రాతలు, ఆయన చలవే. ఆయన చలవ అంటున్నాను గానీ, ఊరూరా తిరిగి శాసనాలు చదివింది ఏలూరు కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి లాంటివాళ్లు. మెకంజీకి తెలుగు సరిగా రాదు మరి! అమరావతి స్తూపం శిల్పాలకు 1816 తర్వాత గీయించిన బొమ్మలు కూడా ఆయన సేకరణలోవే.