లింకు నొక్కొద్దనేదీ వాళ్లే, పంపించేదీ వాళ్లే

‘మీ పార్శిల్ గోదాముకు చేరింది. చిరునామా అసంపూర్తిగా ఉంది. 12 గంటల్లోగా ఈ లింకులో సరిచేయకపోతే వెనక్కి పంపేస్తాం.’ తపాలా శాఖ పేరు పెట్టుకుని తిరుగుతున్న ఈ తరహా మెసేజీలు బూటకమని కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీలోని ఫ్యాక్ట్ చెక్ విభాగం ఒకటికి రెండుసార్లు ప్రకటించింది. పోలీసులదీ అదే మాట, బ్యాంకులదీ అదే మాట: లింకు నొక్కొద్దు, ఆధార్ ఇవ్వొద్దు, డబ్బు కట్టొద్దు. మంచి మాటే. ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా కాదనేవారెవరూ లేరు.

మరి విదేశీ ఆన్‌లైన్ దుకాణంలో నిజంగానే సరుకు కొన్నవారి ఫోనుకు ఏం వస్తోంది? పార్శిల్ చెన్నైలోనో ముంబైలోనో ఢిల్లీలోనో దిగగానే కొరియర్ సంస్థ నుంచి ఒక మెసేజీ వస్తుంది. అందులో లింకు. ఆధార్ గానీ పాన్ గానీ అప్‌లోడ్ చేయమంటుంది. తర్వాత ఇంకో మెసేజీ, ఇంకో లింకు. సుంకం ఇంత అయింది, వెంటనే కట్టండి, ఆలస్యమైతే నిల్వ చార్జీలు పడతాయంటుంది. ఇది మోసం కాదు. చట్టబద్ధంగా, కస్టమ్స్ కళ్లెదుట రోజూ నడుస్తున్న అసలు పద్ధతి. దొంగ మెసేజీలో ఏముందో అసలు మెసేజీలోనూ అదే ఉంది: లింకు, ఆధార్, డబ్బు, తొందర. ఏది దొంగదో ఏది దొరదో తేల్చుకునే భారం మాత్రం పలాసలోనో చీపురుపల్లిలోనో ఫోను చేతపట్టుకున్న మనిషి మీద వేశారు.

మేం తప్పుపడుతున్నది సరిగ్గా దీన్నే. లింకు చూస్తే భయపడమని ఒక నోటితో చెప్పి, లింకులోనే పన్ను కట్టించుకునే వ్యవస్థను ఇంకో చేత్తో నడిపిస్తున్నారు. ముక్కూమొహం తెలియని లింకుకు డబ్బు కట్టడం జనానికి అలవాటు చేసింది మోసగాళ్లు ఒక్కరే కాదు.

విదేశీ మోజు తగ్గించుకుంటే ఈ బాధ ఉండదు కదా, ఊళ్లో దుకాణాలు లేవా అని అడిగేవారున్నారు. తక్కువ ధర రాయించి, ‘గిఫ్ట్’ అని చీటీ అంటించి సుంకం ఎగ్గొట్టినవారి వల్లే నిబంధనలు బిగిశాయన్నదీ నిజం. ఒకప్పుడు 5,000 రూపాయల విలువ వరకు బహుమతులకు సుంకం ఉండేది కాదు. ఆ సందులోంచి కొన్ని ఆన్‌లైన్ దుకాణాలు వ్యాపారమే నడపడంతో 2019 డిసెంబరు 12న ఆ దారి మూసేశారు. ప్రాణరక్షక మందులు, రాఖీలు తప్ప పోస్టులోగానీ కొరియర్‌లోగానీ బహుమతి పేరుతో సుంకం లేకుండా ఏదీ రాదు. సరే, ఎగ్గొట్టేవారికి దారి మూశారు. నిజాయితీగా కడతామనేవారికి తిన్నని దారి ఏది?

ఆ కొనేవారు కూడా మోజుతో కొనేవారే కాదు. రాజాం ఇంజినీరింగ్ విద్యార్థికి ప్రాజెక్టుకో సెన్సర్ బోర్డు కావాలి. తీరంలో రొయ్యల రైతుకు చెరువు నీటిలో ప్రాణవాయువు కొలిచే డీవో మీటరు ప్రోబ్ పోతే అదే కంపెనీది దొరకాలి. పలాసలో జీడిపప్పు యంత్రానికి వియత్నాం బ్లేడు కావాలి. విశాఖ వెళ్లినా దొరకని చిన్న భాగాలివి. పెద్ద దిగుమతిదారుడికి కస్టమ్స్ బ్రోకర్ ఉంటాడు. ఒక్క ప్రోబ్ తెప్పించుకునే రైతుకు ఉన్నది ఆ లింకు ఒక్కటే.

సుంకం లెక్క ఎలా కడతారో చూస్తే మోసగాడి పని ఎందుకంత సులువో తెలుస్తుంది. సుంకం సరుకు ధర మీదే పడదు. ధరకు రవాణా, బీమా కలిపి, కస్టమ్స్ ప్రకటించిన మారకపు రేటుతో రూపాయల్లోకి మార్చి, ఆ మొత్తం మీద వేస్తారు. రవాణా ఖర్చు ఎంతో తేలకపోతే ధరలో 20 శాతం, బీమా తేలకపోతే 1.125 శాతం అనుకుంటారు. ‘ఫ్రీ షిప్పింగ్’ అని సంబరపడి కొన్నవారికి ఈ 20 శాతం ఎక్కడి నుంచి ఊడిపడిందో అంతుపట్టదు. ఆపైన సుంకం మీద మళ్లీ పన్ను. సొంత వాడకానికి తెప్పించుకునే సరుకు మీద 2020లో మూల సుంకం 10 నుంచి 35 శాతానికి పెంచినప్పటి లెక్క చూడండి. విలువ 4,000 అనుకుంటే మూల సుంకం 1,400, దాని మీద పది శాతం సంక్షేమ సర్‌చార్జి 140. ఇవన్నీ కలిపిన 5,540 మీద దిగుమతులకు వేసే జీఎస్టీ, అదే ఐజీఎస్టీ, 28 శాతం. అంటే 1,551 రూపాయల 20 పైసలు. వెరసి 4,000 సరుకుకు 3,091 రూపాయల పన్ను. శాతంలో 77.28. తర్వాత 2025 బడ్జెట్‌లో ఆ 35ను 20కి తగ్గించారు, 2026 బడ్జెట్ ప్రసంగంలో 10కి దించుతామన్నారు. సంతోషం. అయితే మా గొడవ రేటుతో కాదు. ఈ మెట్లన్నీ ఎక్కిన తర్వాత కొనుగోలుదారు ఫోనులోకి వచ్చేది ఒక్క మొత్తమే. దానికి కొరియర్ సంస్థ కొన్నవారి తరఫున సుంకం ముందే కట్టినందుకు రుసుము, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ కలుపుతుంది. ఇంత చిక్కుముడి లెక్కలో 1,870 సరైనదో, 2,340 సరైనదో మామూలు మనిషి ఎలా చెప్పగలడు? చెప్పలేడని తెలిసే మోసగాడు నోటికొచ్చిన అంకె వేస్తున్నాడు. అంకె ఏదైనా నమ్మక తప్పని స్థితికి జనాన్ని ముందే తెచ్చిపెట్టింది అసలు వ్యవస్థ.

పలాస వ్యాపారులకు ఇందులోనే ఇంకో తిరకాసు ఉంది. యంత్ర భాగాలను వ్యాపారం పేరుతో తెప్పిస్తే చాలావాటికి మూల సుంకం 7.5 శాతమే, కట్టిన ఐజీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొస్తుంది. దానికి ఐఈసీ, అంటే దిగుమతి ఎగుమతి కోడ్ తీసుకోవాలి. తొందరలో సొంత పేరుతో పది బ్లేడ్లు ఆర్డరు పెడితే అది వ్యాపార సరుకని ఆపి కోడ్ అడుగుతారు. కోడ్ వచ్చేలోపు నిల్వ చార్జీలు నడుస్తుంటాయి. తోటల కోసం విదేశీ విత్తనాలు, మొక్కలు ఆర్డరు పెట్టేవారికి దారి ఇంకా ఇరుకు. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు కింద దిగుమతి పర్మిట్, తెగుళ్లు లేవని పంపే దేశం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ రెండూ ఉండాలి. డ్రోన్లయితే 2022 ఫిబ్రవరి 9 నుంచి నిషేధమే, విడిభాగాలకు మాత్రం అడ్డు లేదు. డబ్బు తీసుకునే వెబ్‌సైట్ ఇవేవీ చెప్పదు.

ఇక కేవైసీ సంగతి. విదేశీ వెబ్‌సైట్ అసలు పేరు ముందు, ఇంటిపేరు చివర అడుగుతుంది. మన ఆధార్‌లో చాలామందికి ఇంటిపేరే ముందుంటుంది, కొందరికి ఒక్క పొడి అక్షరమే. రెండూ కలవకపోతే పార్శిల్ ఆగుతుంది. ఆధార్‌లో ఎలా ఉంటే ఆర్డరులో అక్షరం తేడా లేకుండా అలాగే రాయడం ఒక్కటే మందు. పిన్‌కోడ్‌తో ఇంకో తంటా. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారి రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. పిన్‌కోడ్‌లు మాత్రం 532127, 532440గా శ్రీకాకుళం వరుసలోనే ఉన్నాయి. వెబ్‌సైట్ పిన్ చూసి శ్రీకాకుళం అని నింపేస్తుంది, ఆధార్‌లో విజయనగరం ఉంటుంది. ఇలాంటి చోట ‘మీ చిరునామా అసంపూర్తిగా ఉంది’ అని దొంగ మెసేజీ వస్తే నమ్మకుండా ఉండేదెవరు? నిజంగానే చిరునామా తేడాగా ఉందని అది అందుకున్నవారికీ తెలుసు!

పోస్టులో వచ్చే సరుకుకు ఇంత చిక్కు లేదు. నంబరు 13 స్థానాలుంటుంది: ముందు రెండు ఇంగ్లిషు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర పంపిన దేశాన్ని సూచించే రెండు అక్షరాలు. తొమ్మిదో అంకె ముందున్న ఎనిమిదింటిని బట్టి లెక్కగట్టి వచ్చేది కాబట్టి ఊరికే అల్లిన నంబరు చాలాసార్లు అక్కడే దొరికిపోతుంది. అదే నంబరును తపాలా శాఖ వెబ్‌సైట్‌లో స్వయంగా టైపు చేసి పార్శిల్ ఎక్కడుందో చూసుకోవచ్చు. సుంకం పడితే పార్శిల్ అందించేటప్పుడే వసూలు చేస్తారు. సరుకు కళ్లెదుట ఉంటుంది, మనిషి తెలిసినవాడు. అందుకే పోస్టు పార్శిల్‌కు లింకులో డబ్బు కట్టమని ఎవరడిగినా అది మోసమే. పాత పద్ధతే ఇక్కడ నయం. కొరియర్ మెసేజీ అయితే లింకు ముట్టుకోకుండా ఆ సంస్థ వెబ్‌సైట్ తెరిచి ఆర్డరు నంబరు కొట్టాలి. పది అంకెల మామూలు నంబరు నుంచో, విదేశీ కోడ్ నుంచో వస్తే చూడకుండానే తీసేయాలి. పొరపాటున కట్టేస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఆలస్యం చేయకుండా ఫోను చేయాలి, డబ్బు ఖాతాలు మారకముందే ఆపే అవకాశం ఉంటుంది.

ఇవన్నీ పాఠకులు చేసుకోవాల్సినవి. ప్రభుత్వం చేయాల్సింది చెప్పడానికి మాకు దూరపు ఉదాహరణ అక్కర్లేదు. 2025 ఆగస్టు 29 నుంచి అమెరికా 800 డాలర్లలోపు పార్శిళ్లకున్న సుంకం మినహాయింపు ఎత్తేసింది. ఆ సుంకాన్ని ఎవరు, ఎలా వసూలు చేస్తారో స్పష్టత లేదని మన తపాలా శాఖే ఆగస్టు 25 నుంచి అమెరికాకు చాలా రకాల పార్శిళ్లు తీసుకోవడం ఆపేసింది. అక్టోబరు 15న తిరిగి మొదలుపెట్టినప్పుడు సుంకం మొత్తాన్ని పంపేచోటే, బుకింగ్‌లోనే కట్టించుకునే ఏర్పాటు చేసింది. అంటే వసూలు పద్ధతి స్పష్టంగా ఉండాలన్న నీతి మనకు తెలుసు. పరాయి దేశం మన మీద వేసినప్పుడు గుర్తొచ్చింది, మన జనం దగ్గర వసూలు చేసేటప్పుడు గుర్తు రావడం లేదు.

ఎగుమతులకూ అంతే. చిన్న వ్యాపారి తపాలా ద్వారా సరుకు బయటికి పంపడానికి 2022 నుంచి డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు వచ్చాయి. దేశంలో వెయ్యికి పైగా ఉన్నాయి. పొందూరు ఖద్దరో బొబ్బిలి వీణో పంపేవారికి కస్టమ్స్ పత్రం ఆన్‌లైన్‌లో నింపుకునే వీలుంది. డాలరు తెచ్చేవారి కోసం పోస్టాఫీసు దాకా నడిచొచ్చిన కస్టమ్స్, పన్ను కట్టేవారి దగ్గరకు వచ్చేసరికి ఎస్సెమ్మెస్ చాటున నిలబడింది. వేసిన సుంకం తప్పనిపిస్తే కస్టమ్స్ చట్టం 128వ సెక్షన్ కింద 60 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చట. 800 రూపాయల కోసం కవిటి నుంచి చెన్నై అధికారికి అప్పీలు! ఇది రాసినవారికి నవ్వు రాలేదేమో.

మేం అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. కొరియర్ పార్శిల్ సుంకమైనా సరే, మెసేజీలో లింకు పెట్టి వసూలు చేయడాన్ని నిషేధించాలి. ట్రాకింగ్ నంబరు కొడితే విలువ, రవాణా, మూల సుంకం, ఐజీఎస్టీ, కొరియర్ రుసుము వరుసగా కనిపించే ఒకే ఒక ప్రభుత్వ వెబ్‌సైట్ ఉండాలి. అక్కడే కట్టే వీలుండాలి. ఫోను వాడకం రానివారికి శ్రీకాకుళం, విజయనగరం ప్రధాన పోస్టాఫీసుల కౌంటర్లలో కట్టి రసీదు తీసుకునే వీలుండాలి. అప్పుడు ‘లింకు నొక్కొద్దు’ అన్న హెచ్చరికకు మినహాయింపులు ఉండవు. మినహాయింపు ఒక్కటున్నా మోసగాడు దూరేది అందులోంచే.

శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు పౌర విమానయాన మంత్రి. తపాలా శాఖను చూసే కమ్యూనికేషన్ల సహాయ మంత్రి పెమ్మసాని చంద్రశేఖర్ మన గుంటూరు ఎంపీ. సుంకం ఆర్థిక శాఖది కదా, మాకేం సంబంధం అని ఇద్దరిలో ఎవరూ తప్పుకోవద్దు. పార్శిల్ వచ్చేది విమానంలో, చేరేది చాలాసార్లు పోస్టాఫీసుకు. భోగాపురం రన్‌వే గురించి సభల్లో గంటలు చెప్పగలిగినవారు ఆర్థిక మంత్రికి ఈ సంగతి మీద ఒక్క ఉత్తరం రాయలేరా? అది కూడా చేతకాకపోతే, లింకులు నొక్కొద్దని మళ్లీ మాకు ప్రకటనలు పంపకండి.