హమ్మురాబి అంటే కన్నుకు కన్నేనా?

తేదీలు, రాజుల వరుస కంఠస్థం చేస్తే డిగ్రీలో ప్రాచీన నాగరికతల పేపరు గట్టెక్కుతుందని ఒక వ్యాసంలో రాశారు. పాసవుతారేమో గానీ, మార్కులు పోయేది అక్కడే.

బాబిలోన్ రాజు హమ్మురాబి వేయించిన శాసనమే తీసుకోండి. ‘కన్నుకు కన్ను’ అని రాసేసి ఊరుకుంటారు. 196వ నిబంధన తర్వాత 198, 199 కూడా చదవాలి. పైవర్గం వాడి కన్ను పోగొడితే కన్ను, సామాన్యుడిదైతే ఒక మీనా (దాదాపు అరకిలో) వెండి, బానిసదైతే అతని ధరలో సగం. అసలు సమాధానం ఈ తేడాలోనే ఉంది. పైగా ఆనాటి కోర్టుల మట్టి పలకల్లో తీర్పులు ఈ శాసనాన్ని ఉటంకించడం దాదాపు కనబడదు. అందుకే ఇది అమల్లో ఉన్న చట్టమా, రాజు తన న్యాయబుద్ధిని చాటుకున్న ప్రకటనా అన్న చర్చ నడుస్తోంది. పీఠిక, ముగింపు వదిలేసి నిబంధనలు మాత్రమే చదివినవాళ్లకు ఆ ప్రశ్నే తట్టదు.

తేదీల సంగతికొస్తే, హమ్మురాబి పాలనాకాలం ఒక పుస్తకంలో క్రీ.పూ. 1792–1750, ఇంకోదాంట్లో 1728–1686 అని ఉంటుంది. అచ్చుతప్పు కాదు. శుక్రగ్రహ పరిశీలనల పలక ఆధారంగా కట్టిన రెండు కాలక్రమాలవి, తేడా 64 ఏళ్లు. మొదటి పుటలోనే ఏది వాడుతున్నారో రాసి, చివరిదాకా దానికే కట్టుబడండి. ఒక రాజుకు ఒకటి, పక్క రాజుకు మరొకటి తీసుకుంటే సమకాలీనులు కూడా తండ్రీకొడుకుల తరాల్లో పడిపోతారు!

ఇంకొకటి, సున్నా సంవత్సరం లేదు, క్రీ.పూ. 1 తర్వాత నేరుగా క్రీ.శ. 1 వస్తుంది. క్రీ.పూ. 44 నుంచి క్రీ.శ. 14కి 57 ఏళ్లే, 58 కాదు.