ఎక్కడ వేసిన గొంగళి

ఇరవై ఏళ్లకు పైగా జనం చేత అప్రైజల్ ఫారాలు నింపించడమే నా ఉద్యోగం. "వచ్చే ఐదేళ్లలో ఏ స్థాయికి వెళ్లాలనుకుంటున్నారు?" అని అడిగి, ఎదుటివాడు నీళ్లు నమలడం చూసి మార్కులు వేస్తుంటాను. ఆ అనుభవంతో, ఎలాంటి వ్యక్తిగత ద్వేషమూ లేకుండా చెబుతున్నాను. రోలింగ్ స్టోన్స్ అనే ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ కెరీర్‌లో ఎదుగుదల అన్నది బొత్తిగా లేదు.

ఈ మనిషి ఇంకా ఎలా బతికున్నాడని లోకమంతా జోకులేస్తుంది. అది డాక్టర్లు చూసుకుంటారు. 1962లో ఏ సీట్లో చేరాడో ఇప్పటికీ అదే సీట్లో ఎందుకున్నాడన్నది నా ప్రశ్న.

ఫైలు మొదటి పేజీలోనే తేడా కనిపిస్తుంది. 1961 అక్టోబర్‌లో, ఇంగ్లండ్‌లోని డార్ట్‌ఫర్డ్ రైల్వే స్టేషన్లో, చిన్నప్పుడు తనతో చదువుకున్న మిక్ జాగర్ ఎదురుపడ్డాడు. జాగర్ అప్పటికి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ విద్యార్థి. అంటే బాగుపడే లక్షణాలున్న కుర్రాడు. కానీ అతని చంకలో ఇద్దరు అమెరికన్ గాయకుల ఎల్పీలున్నాయి, ఒకటి చక్ బెర్రీది, ఒకటి మడ్డీ వాటర్స్‌ది. ఆ వయసు పిల్లలు ప్లాట్‌ఫాం మీద కలిస్తే ఏ కోర్సు, ఎంత జీతం అని మాట్లాడుకోవాలి. వీళ్లు షికాగో బ్లూస్ అనే అమెరికన్ నల్లజాతి సంగీతం గురించి మాట్లాడుకున్నారు. మరుసటి ఏడాది జూలైలో లండన్ మార్కీ క్లబ్‌లో తొలి ప్రదర్శన. బ్యాండ్ పేరు కూడా సొంతం కాదు, మడ్డీ వాటర్స్ 1950లో పాడిన పాటలోంచి తీసుకున్నదే.

సరే, కుర్రతనం. నలుగురూ చేరితే అలాగే ఉంటుంది. తర్వాతైనా కొత్త నైపుణ్యాలు నేర్చుకున్నాడా అంటే, ఉన్నవాటిలోంచే ఒకటి తీసేశాడు. నేను మాట్లాడుతున్నది ఆరో తీగ గురించి.

గిటారుకు ఆరు తీగలుంటాయని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. అరవైల చివర్లో ఈయన అన్నిటికన్నా లావుపాటి తీగను పీకి పక్కన పెట్టేశాడు. మిగిలిన ఐదింటినీ ఓపెన్ జీ అనే పద్ధతిలో శ్రుతి చేశాడు. అదీ ఈయన కనిపెట్టింది కాదు. పాత బాంజో శ్రుతి, మిసిసిపీ బ్లూస్ వాళ్లు ఎప్పుడో వాడేసింది. ఈ శ్రుతిలో వేళ్లు పెట్టకుండా తీగలు మీటినా ఒక కార్డ్, అంటే కలిసి పలికే స్వరాల గుంపు, పలుకుతుంది. అంటే సగం పని చెయ్యకుండానే అయిపోయినట్టు. చూపుడు వేలు తీగలన్నిటి మీదా అడ్డంగా పడుకోబెడతాడు. ఇంకో రెండు వేళ్లు ఠక్కున దిగి, వెంటనే లేస్తాయి. కుడిచేయి ఒక్క దెబ్బ కొట్టి ఆగిపోతుంది. ఆ ఆగిన చోట ఏమీ ఉండదు. వినేవాడు మాత్రం అక్కడే కుర్చీలో ముందుకు జరుగుతాడు. "స్టార్ట్ మీ అప్" పాట మొదలయ్యేది ఇలాగే. ఐదు తీగలు, మూడు స్వరాలు, రెండు వేళ్లు, ఒక వెధవ ఉంటే చాలని ఆయనే అంటాడు. సెల్ఫ్ అసెస్‌మెంట్‌లో ఇంత నిజాయితీ నా సర్వీసులో చూడలేదు. అలాగని మార్కులు వెయ్యలేం కదా.

నిద్రపోతూ చేసిన పని సంగతీ ఉంది. 1965లో ఒక రాత్రి లేచి, పక్కనున్న క్యాసెట్ రికార్డర్లో ఓ చిన్న ముక్క వాయించి మళ్లీ పడుకున్నాడట. పొద్దున టేపు పెట్టి వింటే ముందు ఆ ముక్క, తర్వాత నలభై నిమిషాల గురక. "సాటిస్‌ఫాక్షన్" పాట పుట్టింది అక్కడ. రికార్డింగ్‌లో కూడా ఆ గరగరలాడే గిటారును తర్వాత బాకాలు వాయించాల్సిన చోటుకి గుర్తుగా మాత్రమే పెట్టానని ఆయన అనుకున్నాడు. మిగతావాళ్లు దాన్నే విడుదల చేసేశారు, అమెరికాలో నంబర్ వన్ అయి కూర్చుంది. మా ఆఫీసులోనూ డ్యూటీలో నిద్రపోయేవాళ్లున్నారు. వాళ్ల టేపులో గురక మాత్రమే ఉంటుంది.

పైవాళ్ల దగ్గర ప్రవర్తన మాత్రం బాగుందని రాయాలి. 1965లోనే ఒక అమెరికన్ టీవీ షోకి పిలిస్తే, హౌలిన్ వుల్ఫ్‌ను కూడా పిలిస్తేనే వస్తామని బ్యాండ్ పట్టుబట్టింది. సొంత దేశంలోనే టీవీకి అంతగా ఎక్కని ఆ నల్లజాతి గాయకుడు పాడుతుంటే, వీళ్లు ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నారు. 1981లో స్టేడియాలు నింపుతున్న టూర్ మధ్యలో, షికాగోలోని ఒక చిన్న క్లబ్‌కు వెళ్లి మడ్డీ వాటర్స్ వెనకాల వాయించాడు. పైకెక్కినవాడు మళ్లీ కింది మెట్టు దగ్గరికి వెళ్లి నిలబడటాన్ని ఏమంటారో నా మాన్యువల్లో లేదు.

సిక్ లీవులు తక్కువే. 1998లో ఇంట్లో లైబ్రరీ నిచ్చెన మీదినుంచి పడి పక్కటెముకలు విరగ్గొట్టుకున్నాడు. 2006లో ఫిజీలో చెట్టు మీదినుంచి పడ్డాడు. అరవై దాటాక చెట్టెక్కడమెందుకని ఎవరూ అడిగినట్టు లేదు. ఆక్లండ్‌లో తలకు ఆపరేషన్ చేశారు, కొన్ని వారాలకే మళ్లీ టూర్‌లో ఉన్నాడు.

పోనీ ముసలితనంలోనైనా కొత్త దారి పట్టాడా? 2015 డిసెంబర్‌లో కొత్త పాటల కోసమని స్టూడియోకి వెళ్లి, మూడంటే మూడు రోజుల్లో పన్నెండు పాత బ్లూస్ పాటలు వాయించి బయటికొచ్చారు. దానికి గ్రామీ ఇచ్చారు. ఆడిట్ కోసమని నేనూ విన్నాను. ఐదుసార్లు. ఆడిట్ అంటే మరి జాగ్రత్తగా చెయ్యాలి.

2023లో కొత్త ఆల్బమ్. చేతికి కీళ్లవాతం, పాత పద్ధతి కుదరకపోతే వేళ్లు ఇంకో దారి వెతుక్కుంటాయని చెప్పాడు. రికార్డుల్లో నాకు దొరికిన ఏకైక అప్‌స్కిల్లింగ్ ఇదే. మరుసటి ఏడాది అమెరికా టూర్‌కు స్పాన్సర్ ఎవరనుకున్నారు? ఏఏఆర్‌పీ, రిటైరైనవాళ్ల కోసం పుట్టిన సంస్థ. రిటైర్ కానివాడి ఖర్చు వాళ్లెందుకు భరించారో వాళ్లనే అడగాలి.

ఆ ఆల్బమ్‌లో చివరి పాట దగ్గర నా పెన్ను ఆగింది. డ్రమ్స్ లేవు, అతిథులు లేరు. ఒక గిటారు, ఒక మౌతార్గన్, ఒక గొంతు. ఎనభైకి చేరిన ఇద్దరు డార్ట్‌ఫర్డ్ కుర్రాళ్లు. పాట మడ్డీ వాటర్స్‌ది, 1950 నాటిది, తమకు పేరు పెట్టిన పాటే. గొంగళి అంగుళం కూడా కదల్లేదు.

ఫారంలో "సాధించిన పురోగతి" అన్న గడిలో నిల్ అని రాసి సంతకం పెట్టాను. ఆరో తీగ పోస్టు ఇప్పటికీ ఖాళీగానే ఉంది. భర్తీకి ఎలాంటి ప్రతిపాదనా రాలేదు.