కారు షెడ్డులో ఒక పనిబల్ల వేయండి

మన తిరుపతిలో కరకంబాడి రోడ్డు వైపు గానీ తిరుచానూరు వైపు గానీ కొత్తగా లేచిన ఇళ్లు చూడండి. నలభై అంకణాల స్థలమే ఉన్నా ముందు కారు షెడ్డుకు చోటు వదిలి, మిగిలినదాంట్లో హాలు, వంటిల్లు సర్దుకుంటున్నారు. ఆ షట్టరు ఎత్తితే కారు పక్కన ఏముంటాయో మీకూ తెలుసు: ఇల్లు కట్టినప్పుడు మిగిలిన టైల్స్ పెట్టె, గడ్డకట్టిన సిమెంటు మూట, నిదానంగా తిరుగుతోందని దించేసిన ఫ్యాను, చైను ఊడిన పిల్లల సైకిలు, నీళ్లు కాగని గీజరు. ఇన్ని చెడిపోయిన వస్తువుల మధ్య ఒక్క స్పానరు సెట్టు ఉండదు. నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఆ మూలలో నాలుగడుగుల బల్ల, పైన ఒక మంచి లైటు, పది పనిముట్లు. ఇంట్లో చెడిపోయిన ప్రతి వస్తువూ పాత సామాన్ల బండి ఎక్కకముందు ఒకసారి ఆ బల్ల ఎక్కాలి.

పోయిన నవంబరు వానల్లో నా స్కూటరు మొండికేసింది. తోసుకుంటూ సర్వీస్ సెంటరుకు తీసుకెళ్తే కార్బురేటరు క్లీనింగ్ అన్నారు, బ్యాటరీ పోయిందన్నారు, రెండు వేల మూడు వందలు కట్టించుకున్నారు. నాలుగు రోజులకు మళ్లీ వాన, మళ్లీ బండి ఆగింది. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన పెద్దాయన ఒకరు మా వీధిలో ఉన్నారు. ఆయన మా షెడ్డు ముందు నిలబడి, "ప్లగ్గు తీసి చూసినావా నాయనా?" అన్నారు. లేదన్నాను. ఆయన చెయ్యి పెట్టలేదు, నా చేతే తీయించారు. స్పార్కు ప్లగ్గు క్యాపు రబ్బరు చిట్లి లోపలికి నీళ్లు దిగుతున్నాయి, ప్లగ్గు కొన నల్లగా మసిపట్టి ఉంది. ఎమరీ పేపరుతో రుద్ది, కొన దగ్గర గ్యాపు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్ల మధ్య ఉందో లేదో గేజితో చూసుకుని, కొత్త క్యాపు బిగించాక రెండో కిక్కుకు బండి స్టార్టయింది. "లోపల ఏముందో చూడకుండానే బిల్లు కట్టినావు" అన్నారాయన. తిట్టినట్టు కూడా లేదు, జాలిపడ్డట్టు ఉంది. ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు.

మన ఇళ్లలో చెడిపోయేవాటిలో చాలా భాగం ఇలాంటివే. ఫ్యాను స్పీడు తగ్గిందంటే చాలాసార్లు మోటారు బాగానే ఉంటుంది, పైన గిన్నెలాంటి మూత లోపల దాక్కున్న కెపాసిటరు అనే చిన్న భాగం బలహీనపడి ఉంటుంది. మామూలు సీలింగ్ ఫ్యానుకు ఎక్కువగా 2.5 మైక్రోఫారడ్‌ది వాడతారు, పాతదాని మీద అంకె చూసుకుని అదే అడిగితే ఎలక్ట్రికల్ షాపులో వంద రూపాయల లోపే. మెయిన్ ఆపి, టెస్టరుతో సరిచూసుకుని, రెండు వైర్లు విప్పి మళ్లీ కలపడమే పని. మిక్సీ రుబ్బుతూ రుబ్బుతూ ఆగిపోతే దాని అడుగున ఓవర్‌లోడ్ బటన్ ఉంటుంది, కాసేపు చల్లారనిచ్చి నొక్కితే చాలు. మోటారు తిరుగుతున్నా జారులో బ్లేడు తిరగడం లేదంటే జారును మోటారుకు కలిపే కప్లరు పళ్లు అరిగాయని అర్థం.

గీజరు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లో బోరునీళ్లతో స్నానం చేసే ఇళ్లన్నిటికీ ఇది సంబంధించిందే. బకెట్ల అంచున తెల్లగా పేరుకునే పొరను రోజూ చూస్తూనే ఉంటాం. అదే పొర స్టోరేజీ గీజరు లోపల ఎలిమెంటు చుట్టూ కూడా కడుతుంది, దాంతో వేడి నీళ్లలోకి సరిగా వెళ్లదు, ఎలిమెంటు తన వేడికి తానే కాలిపోతుంది. దాని పక్కనే మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది, యానోడ్ రాడ్ అంటారు. ట్యాంకు ఉక్కును తుప్పు తినకుండా, దాని బదులు తాను కరిగిపోవడమే ఆ కడ్డీ పని. అది పూర్తిగా కరిగిందంటే తర్వాతి వంతు ట్యాంకుదే. ఏడాదికోసారి విప్పి చూసి, సన్నబడితే మార్చాలి. గీజరులో అలాంటి కడ్డీ ఒకటుందని కూడా చాలామందికి తెలియదు, ట్యాంకు కారుతోందని మొత్తం గీజరునే మార్చేస్తారు.

ఇక బైకు బ్రేకులు. కొండ మీదికి బైకుల మీద వెళ్లొచ్చే ఊరు మనది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు గేరులో దిగకుండా బ్రేకు నొక్కిపెట్టి దిగేవాళ్ల బళ్ల దగ్గర కాలిన వాసన వస్తుంది, లైనర్లు వేడెక్కి పట్టు తగ్గుతున్న వాసన అది. చాలా బైకులకు వెనక డ్రమ్ము మీద, బ్రేకు లివరు దగ్గర చిన్న బాణం గుర్తుంటుంది. బ్రేకు గట్టిగా నొక్కినప్పుడు ఆ బాణం ఎదురుగా ఉన్న గీతను చేరిందంటే లైనర్లు అరిగిపోయినట్టే. ఇది చూడటానికి స్పానరు కూడా అక్కర్లేదు, వంగి చూస్తే చాలు.

"అంత టైము ఎక్కడిది, మెకానిక్ పొట్ట కొట్టడం ఎందుకు, షాక్ కొడితే ఎవరు దిక్కు" అనేవాళ్లున్నారు. చివరి మాటతో నాకు పేచీ లేదు. జాకీ ఒక్కదాని మీద లేపిన కారు కిందికి దూరకూడదు, స్టాండ్లు ఉండాల్సిందే. షట్టరు దించుకుని లోపల ఇంజను నడపకూడదు, పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. మైక్రోవేవ్ ఓవెను ప్లగ్గు పీకేసినా దాని కెపాసిటరులో ప్రాణం తీసేంత వోల్టేజీ మిగిలి ఉండొచ్చు, దాన్ని ముట్టొద్దు. గ్యాస్ రెగ్యులేటరు జోలికి అసలు వెళ్లొద్దు. ఇంటి లైనుకు, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టించుకున్నాకే కరెంటు వస్తువుల పని మొదలుపెట్టండి. టైము మాట మాత్రం నేను ఒప్పుకోను, సర్వీసు మనిషి కోసం మూడు రోజులు ఫోన్లు చేసి, నాలుగో రోజు ఆఫీసుకు సెలవు పెట్టి ఇంట్లో కూర్చోవడం కూడా టైమే.

మెకానిక్ పొట్ట గురించి మాత్రం గట్టిగా మాట్లాడుకోవాల్సిందే. షెడ్డులో ప్లగ్గు విప్పుకునేవాడి వల్ల ఏ మెకానిక్కూ కొట్టు మూసుకోడు. అసలు విప్పడానికే వీల్లేకుండా వస్తువులు తయారుచేసే కంపెనీల వల్ల మూసుకుంటాడు. స్క్రూ ఉండాల్సిన చోట జిగురు, మామూలు స్క్రూడ్రైవరుకు లొంగని తలలు, చిన్న భాగం విడిగా అమ్మకుండా బోర్డు మొత్తం కొనమనడం, ఇదంతా మెకానిక్ కళ్ల ముందే జరుగుతోంది. కార్ల విషయంలో, వ్యాపారంలో పోటీ సరిగా జరిగేలా చూసే కాంపిటిషన్ కమిషన్ 2014 ఆగస్టులోనే 14 కంపెనీల మీద 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలు, రిపేరు సమాచారం, లోపం కనిపెట్టే పరికరాలు బయటి గ్యారేజీలకు అందకుండా చేశారన్నది అభియోగం. తర్వాత అది అప్పీళ్లలో పడింది. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్, అంటే కొన్న వస్తువును బాగుచేయించుకునే హక్కు మీద కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరులో వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు అనే నాలుగు రంగాలకు పోర్టల్ తెరిచింది. 2024 సెప్టెంబరులో వస్తువు బాగుచేయడానికి ఎంత వీలుగా ఉందో చెప్పే రిపేరబిలిటీ ఇండెక్స్ కోసం ఇంకో కమిటీ. ఫ్రాన్స్‌లో 2021 జనవరిలోనే ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీలు, వాషింగ్ మెషీన్లకు రిపేరు విషయంలో పదికి ఎన్ని మార్కులో షాపులోనే కనిపించేలా పెట్టాలన్న నిబంధన వచ్చింది.

మన దగ్గర కూడా అలా మార్కులు పెట్టాలని గట్టిగా అడగాల్సింది ఎవరు? వస్తువును ఎన్నడూ విప్పని మనిషికి అందులో ఏది జిగురుతో అంటించారో, ఏ భాగాన్ని దొరక్కుండా చేశారో ఎలా తెలుస్తుంది? తెలియని దాని మీద కోపం రాదు, కోపం రాకపోతే చట్టం రాదు. ఒక్కసారి ఫోను వెనక మూత తీయబోయి హెయిర్ డ్రయ్యరుతో జిగురు వేడి చేయాల్సి వచ్చినవాడు చెప్పగలడు, ఇది నేను డబ్బు పెట్టి కొన్నదా, అద్దెకు తెచ్చుకున్నదా అని. షెడ్డులో బల్ల వేసుకున్నవాడూ, సందు చివర డబ్బా కొట్టులో ఉన్న మెకానిక్కూ ఒకే పక్షం. తన బండి గురించి తెలిసిన కస్టమరుకు మంచి మెకానిక్ భయపడడు, అతని పనితనం విలువ ఆ కస్టమరుకే తెలుస్తుంది.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ బాధపెడుతుంది. మనం వస్తువులు కొని తెచ్చుకునే వాళ్లం మాత్రమే కాదు, తయారుచేసే వాళ్లం కూడా. కరకంబాడిలో బ్యాటరీలు తయారవుతాయి, మాదన్నపాలెంలో టూవీలర్లు, చినపాండూరులో టైర్లు, శ్రీసిటీలో ఏసీలు. వీటిని బిగించే పిల్లలు మన పల్లెల నుంచి బస్సెక్కి షిఫ్టులకు వెళ్లేవాళ్లే. అదే జిల్లాలో, ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోయడానికి ట్రిపుల్ ఈ చదివిన అబ్బాయి ఉన్న ఇల్లు కూడా మనిషికి ఫోన్ చేస్తోంది. చంద్రగిరి దారిలో ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి, పిల్లలు ఇండక్షన్ మోటారు మీద పది మార్కుల జవాబు రాసి వస్తారు, సింగిల్ ఫేజ్ మోటారుకు కెపాసిటరు ఎందుకో బొమ్మ గీసి మరీ చెబుతారు. ఇంట్లో నెత్తి మీద తిరుగుతున్నదీ ఆ మోటారే అని వాళ్లకు ఎవరూ చూపించలేదు. తప్పు పిల్లలది కాదు.

తప్పు చాలా పాతది. పనిముట్టు పట్టిన చేతిని మనం తరతరాలుగా కింద కూర్చోబెట్టాం. ఇనుము కమ్మరిది, చెక్క వడ్రంగిది అని పంచేసి, చదువంటే ఆ పనిముట్ల నుంచి తప్పించుకోవడమే అని పిల్లలకు నేర్పాం. చదువు రాకపోతే మెకానిక్ షెడ్డుకు పంపిస్తానని కొడుకును బెదిరించని తండ్రి మన వీధుల్లో ఎందరున్నారు? ఏడాదికోసారి ఆయుధ పూజ రోజు స్పానర్లకు, స్క్రూడ్రైవర్లకు పసుపు కుంకుమ పెట్టి, బండికి గుమ్మడికాయ కొట్టి మొక్కుతాం. నాకు ఆ పండగంటే చాలా ఇష్టం. పనిముట్టును దేవుడి పక్కన పెట్టడం కన్నా గొప్ప ఆలోచన ఏముంటుంది? మరి దేవుడి పక్కన పెట్టిన స్పానరును మిగతా ఏడాదంతా పట్టుకునే మనిషిని అరుగు మీద కూర్చోబెట్టి కాఫీ ఇవ్వడానికి ఎందుకు వెనకాడతాం?

1937లో గాంధీ వార్ధాలో చేతిపని ద్వారానే చదువు చెప్పాలన్నారు. మన హైస్కూళ్లలో ఒకప్పుడు క్రాఫ్టు పీరియడ్లు, క్రాఫ్టు మాస్టార్లు ఉండేవాళ్లు. 2020 విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగం, కరెంటు పని లాంటివి నేర్పమంది. మూడేళ్లలో పది రోజులు! సైకిలు చైను ఎక్కించడం చేతికి అలవాటయ్యేసరికే ఆ పది రోజులు అయిపోతాయి. ఇందులో ఆడపిల్లల సంగతి ఇంకా అన్యాయం. మిక్సీ, గ్రైండరు, గీజరు, ఇస్త్రీపెట్టె, ఇంట్లో ఎక్కువగా చెడిపోయేవన్నీ వాళ్లు వాడేవే, టెస్టరు మాత్రం వాళ్ల చేతికి ఇవ్వం.

బెంగళూరులో 2015 నుంచి రిపేర్ కెఫేలు నడుస్తున్నాయి. చెడిపోయిన వస్తువు పట్టుకెళ్తే తెలిసినవాళ్లు పక్కన కూర్చుని మన చేతే బాగుచేయిస్తారు. తిరుపతికి ఆ పని ఇంకా సులువు, ఎందుకంటే ఎస్వీ పాలిటెక్నిక్, పద్మావతి మహిళా పాలిటెక్నిక్ లాంటి చోట్ల వర్క్‌షాపులు, పనిముట్లు, నేర్పేవాళ్లు ముందే ఉన్నారు. నెలకు ఒక్క ఆదివారం ఆ తలుపులు ఊళ్లోవాళ్లకు తెరవమని కలెక్టరును అడుగుదాం, కార్పొరేటర్లను అడుగుదాం. రిటైరైన డిపో మెకానిక్కులు, లైన్‌మెన్లు, ఐటీఐ మాస్టార్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు, పిలిస్తే కాదనరు.

మా షెడ్డులో బల్ల పడి నాలుగు నెలలైంది. పోయిన ఆదివారం తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి వేడెక్కని ఇస్త్రీపెట్టెను దాని మీద పెట్టింది. ఎలిమెంటు పోయి ఉంటుందని నేనన్నాను. తను మల్టీమీటరు ముళ్లు ఎలిమెంటు కొసలకు ఆనించింది, కూత వచ్చింది, అంటే ఎలిమెంటు తెగలేదు. వైరు ఈ కొసకు, ఆ కొసకు ఆనించింది, కూత రాలేదు. "వైరు తెగింది నాన్నా, రోజూ ఇక్కడే మడత పడుతుంది కదా" అంది. పెద్దాయన వైపు చూశాను, ఆయన ఏమీ మాట్లాడకుండా కటింగ్ ప్లేయరు తీసి తన చేతికిచ్చారు.