పిలవని పేరంటానికి వచ్చే ఎంపిక స్వీకృతం గారికి

మహారాజశ్రీ ఎంపిక స్వీకృతం గారికి, అనగా డిగ్రీ క్లాసుల్లో ఆక్సియమ్ ఆఫ్ ఛాయిస్ అని పిలిపించుకునే తమకు, నమస్కరించి వ్రాయునది. మేమిక్కడ క్షేమం. మీరు క్షేమమేనని 1938లో తర్కశాస్త్రవేత్త గోడెల్ గారు పూచీ ఇచ్చారు. మిగతా సమితి స్వీకృతాలన్నీ క్షేమంగా ఉంటే మీ వల్ల కొత్తగా ముప్పేమీ, అంటే వైరుధ్యమేమీ, రాదన్నది ఆ పూచీ. అసలు ఆ మిగతావాళ్ళ క్షేమానికి పూచీ ఎవరంటే, అది ఇంకో ఉత్తరం.

నిన్న మధ్యాహ్నం మొత్తం మీ ఖాతాలో రాసుకోండి. నిరూపణలు సరిచూసే లీన్ అనే సాఫ్ట్‌వేర్‌కి అప్పజెప్పింది ఐదు మార్కుల ప్రశ్న. ఒక బిందువు దగ్గర అనుక్రమాల లెక్కన (దానికి చేరే ఏ అనుక్రమం తీసుకున్నా విలువలూ చేరతాయి) అవిచ్ఛిన్నమైన ప్రమేయం, ఎప్సిలాన్-డెల్టా లెక్కన (ఎప్సిలాన్ ఎంత చిన్నదిచ్చినా, విలువలు దాని లోపలే ఉండేంత దగ్గరి దూరం డెల్టా దొరుకుతుంది) కూడా అక్కడ అవిచ్ఛిన్నమే. అంతే. సరిపోయిందంది. ఏయే స్వీకృతాల మీద నిలబడిందో చెప్పమంటే మూడు పేర్లు చదివింది: ప్రాపెక్స్ట్, క్లాసికల్ ఛాయిస్, క్వాట్ సౌండ్. నడిమధ్యన పెళ్ళికొడుకులా మీరు. శుభలేఖ ఎవరిచ్చారండీ?

ఎక్కడ దూరారో వెతికితే దొరికారు లెండి. నిరూపణ అందరికీ కంఠతా వచ్చిందే. ప్రమేయం 'ఎ' దగ్గర అవిచ్ఛిన్నం కాదనుకుందాం. అంటే ఏదో ఒక ఎప్సిలాన్‌కి ఏ డెల్టా పెట్టినా పని జరగదు. డెల్టాగా 1, 1/2, 1/3 పెట్టుకుంటూ పోతే, ప్రతిసారీ 'ఎ' పక్కనే ఉంటూ ప్రమేయం విలువను మాత్రం ఎప్సిలాన్ అవతలికి విసిరేసే బిందువు ఒకటైనా ఉంటుంది. 'ప్రతి ఎన్‌కీ అలాంటి బిందువును ఒకదాన్ని తీసుకుందాం.' ఆ అనుక్రమం 'ఎ'కి చేరుతుంది, విలువలు చేరవు, వైరుధ్యం. కింద గీత కొట్టి తర్వాతి ప్రశ్న.

తీసుకుందాం! ఎవరు తీసుకుంటారు? ఏ నియమం ప్రకారం? ఒక్క సమితిలోంచి ఒక్కటి తీయమంటే తీస్తాం, తర్కమే ఒప్పుకుంటుంది. పది సమితులైతే పది వరసలు రాస్తాం. అనంతమైన సమితుల్లోంచి, ఏ నియమమూ చెప్పకుండా, అన్నింట్లోంచీ ఒకేసారి ఒక్కొక్కటి తీసిపెట్టే చెయ్యి ఒకటి ఉందని ఒప్పుకోవడమే మీరు. రసెల్ గారు దీన్ని బూట్లూ సాక్సులతో చెప్పారు. మన ఇంటి లెక్కలో చెప్పులూ గాజులూ. అనంతమైన చెప్పుల జతలుంటే 'ఎడమది తీయి' అంటే చాలు, మీతో పని లేదు. గాజుల జతలో ఎడమేది, కుడేది? అక్కడే మీ అవసరం. 'తీసుకుందాం' అన్న ఒక్క క్రియాపదంలో దూరి, చాప కింద నీరులా నిరూపణ చివరిదాకా పారతారు. పేపర్లు దిద్దేవాళ్ళు ఆ వరసకి పూర్తి మార్కులిస్తారు. ఇవ్వకపోతే క్లాసంతా ఫెయిలవుతుంది, పాఠం రాసినవాళ్ళతో సహా.

మీ మిగతా ఘనకార్యాల జోలికి పోను. 1924లో బనాఖ్, తార్‌స్కీ గార్ల చేత బంతిని ముక్కలు చేయించి, ఆ ముక్కలతోనే అదే సైజు బంతులు రెండు చేయించారు. ముక్కలు ఐదు చాలని తర్వాత తేలింది. అక్షయ తృతీయనాడు మీరు బంగారం కొట్లో కనపడకపోవడానికి కారణం, ఆ ముక్కలకు ఘనపరిమాణం అనేదే ఉండకపోవడం. అణువులున్న వస్తువును అలా కొయ్యలేం. పోనీ మిమ్మల్ని వెళ్ళగొట్టి, వాస్తవ సంఖ్యల ప్రతి సమితికీ కొలత ఉండే లోకం కట్టుకుంటే? సొలొవే గారు 1970లో కట్టారు. అక్కడ వాస్తవ సంఖ్యలను, తేడా అకరణీయమైతే (భిన్నంగా రాయగలిగితే) ఒక గుంపు అనే లెక్కన గుంపులు చేస్తే, గుంపుల సంఖ్య సంఖ్యల సంఖ్యను మించిపోతుంది. ఊళ్ళో జనం కంటే కులసంఘాలు ఎక్కువన్నమాట. మీరుంటే ఒక తలనొప్పి, లేకపోతే ఇంకొకటి. సరే, భరిస్తాం.

భరించలేనిది ఒక్కటే. మీరు నిజమా, కాదా?

1904లో త్సెర్మెలో గారు మీ పేరు బాహాటంగా చెప్పి, ప్రతి సమితినీ వరసలో నిలబెట్టవచ్చని నిరూపించేసరికి పారిస్‌లో గగ్గోలు. బోరెల్, బేర్, లెబేగ్ ఒప్పుకోలేదు, ఆదమార్ ఒక్కడే మీ పక్షం. 1905లో ఆ ఉత్తరాలు అచ్చయ్యాయి కూడా. తమాషా ఏంటంటే, లెబేగ్ గారి కొలత సిద్ధాంతంలోనే మీరు కాపురం ఉన్నారు. గణ్యమైనన్ని (ఒకటి, రెండు, మూడు అని జాబితా రాయగలిగినన్ని) సమితుల కొలతలు కలపాలంటే, ఒక్కో సమితికి దాని కొలతను ఎప్సిలాన్ బై 2, ఎప్సిలాన్ బై 4, ఎప్సిలాన్ బై 8 కంటే ఎక్కువ మించని తొడుగు ఒక్కోటి 'తీసుకోవాలి'. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. తార్‌స్కీ గురించి ఒక కథ చెప్పుకుంటారు. మీకు సమానమైన సిద్ధాంతం ఒకటి నిరూపించి పారిస్ పత్రికకు పంపితే, రెండు తెలిసిన నిజాల మధ్య సంబంధం కొత్త విషయమేం కాదని ఫ్రెషే గారు తిప్పికొట్టారట. రెండు అబద్ధాల మధ్య సంబంధం మాకెందుకని లెబేగ్ గారు తిప్పికొట్టారట. వ్యాసం ఒకటే, పెట్టె ఒకటే.

1963లో కోహెన్ గారు వచ్చి, మిగతా స్వీకృతాలతో మిమ్మల్ని నిరూపించడం కూడా కుదరదని తేల్చారు. గోడెల్ పూచీ ఒక పక్క, ఇది రెండో పక్క. మీరు గోడ మీద పిల్లి అని రుజువైంది. కేసు కొట్టేసినట్టేనా? మీ తరఫు సాక్షి ఒకరు, ఎదుటిపక్షం సాక్షి ఒకరు. గోడెల్ గారు సమితులు మన జోక్యం లేకుండా నిజంగా ఉన్నాయని, ప్రశ్నకు జవాబు అక్కడ ఉందని నమ్మినవారు. కోహెన్ గారు ఫార్మలిజం వైపు మొగ్గినవారు, అంటే రూలు పెట్టుకుని ఆడటమే తప్ప అవతల చూడటానికేమీ లేదన్న వైపు. లెక్కలో ఇద్దరూ కరెక్టే. మీ పుట్టుక గురించి మాత్రం ఇద్దరిదీ చెరో మాట.

ఇక మీ భక్తుల సంగతి. పొద్దున బోర్డు మీద 'ప్రతి సదిశాంతరాళానికీ ఆధారం ఉంది' అని రాస్తారు (ఆధారమంటే బేసిస్, మిగతా సదిశలన్నీ ఒకే ఒక్క రకంగా కట్టుకోగల మూల సదిశల సమితి). 'ఒప్పుకుంటే ఉంది' అని కాదు, 'ఉంది'. బీరువాలో ఉంది అంటే తీసి చూపించాలి కదా? అకరణీయ సంఖ్యల మీద వాస్తవ సంఖ్యలకు ఆధారం ఉందని 1905లో హామెల్ గారు చెప్పారు. ఇంతవరకూ ఒక్కరూ తీసి చూపించలేదు. చూపించండి అంటే టీ తాగుతూ 'అబ్బే, అదంతా గుర్తులతో ఆట, చదరంగంలో గుర్రం నిజమా అని అడుగుతామా' అంటారు. టీ అయ్యాక మళ్ళీ బోర్డు దగ్గరకెళ్ళి 'ఉంది'. యూక్లిడ్ ఐదో స్వీకృతంలాంటిదే, ఒప్పుకుంటే ఒక జ్యామితి, లేకపోతే ఇంకొకటి అంటారు. బాగుంది. మరి వాస్తవ సంఖ్యలు రెండు రకాలని ఏ క్లాసులో చెప్పారు? స్కేలు మీద గీత ఒకటే గీశారే!

మీరు గీరు ఇక వదిలేస్తున్నా. ఏమయ్యా, నిజమైతే నిజమని చెప్పుకో. కాకపోతే ప్రతి నిరూపణ తల మీదా పేరు రాయించుకుని రా. దొంగచాటుగా క్రియాపదాల్లో దూరడం ఏంటి? పైగా నీకు ఇద్దరు మనుషుల ఆధార్ కార్డు. కట్టి చూపిస్తేనే ఉన్నట్టనే నిర్మాణవాదుల దగ్గరికెళ్తే 'ఉంది అంటే చూపించడమే కాబట్టి ఎంపిక దానంతటదే వస్తుంది' అని 1967లో బిషప్ గారు నిన్ను కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు. అదే ఇంట్లో సమితుల వేషంలో వెళ్తే, 1975లో డయాకొనెస్కు గారు చూపించినట్టు 'అవును లేదా కాదు, మూడోది లేదు' అన్న నియమాన్ని వెంటబెట్టుకొస్తావు, వాళ్ళు అసహ్యించుకునేది సరిగ్గా దాన్నే. చొక్కా మార్చి రెండు పెళ్ళిళ్ళలో భోజనం.

నిన్న నిన్ను గెంటడానికి మిగిలిన దారి కూడా చూశాను. ప్రమేయం ఒక్క బిందువు దగ్గర కాక గీత పొడుగునా అనుక్రమాల లెక్కన అవిచ్ఛిన్నమైతే నీ అవసరం లేదు. అకరణీయ సంఖ్యలను ముందే ఒక జాబితాగా రాయొచ్చు, కాబట్టి 'తీసుకుందాం' అనక్కర్లేదు, 'జాబితాలో మొదట వచ్చేది' అంటే సరి. అలా 'ఎ' పక్కనున్న అకరణీయ సంఖ్యల దగ్గర విలువలకూ 'ఎ' దగ్గరి విలువకూ తేడా ఎప్సిలాన్‌లో సగం దాటదని ముందు తేల్చుకోవాలి. తర్వాత దగ్గర్లో ఏ ఎక్స్ తీసుకున్నా, దానికి చేరే అకరణీయ అనుక్రమం ఒకటి రాసి, విలువల అవధి తీస్తే అక్కడి తేడా కూడా సగం దాటదు. ఎక్కడా గాజుల జత లేదు, అన్నీ చెప్పులే. అద్దంలా ఉంది నిరూపణ.

మళ్ళీ లీన్‌ని అడిగితే మూడు పేర్లు. నడిమధ్యన నువ్వే.

ఎందుకంటే వైరుధ్యంతో నిరూపించేటప్పుడు 'అవును లేదా కాదు' వాడాం. లీన్‌లో ఆ నియమం స్వీకృతం కాదు, నీలోంచి డయాకొనెస్కు దారిలో పుట్టించిన సిద్ధాంతం. ఇవాళ వాన పడుతుంది లేదా పడదు అన్నా నీ పేరే పడుతుంది. పనిమాలా తీసేసిన చోటా, అసలు తీయలేని చోటా జాబితా ఒకేలా కనపడుతుంది. నువ్వు ఏ వేషంలో వచ్చావో అది చెప్పదు.

అందుకని తమరికి (మళ్ళీ తమరే, కోపం కాస్త తగ్గింది) ఒక విన్నపం. ఉండండి. మీరు లేకపోతే గణ్యమైనన్ని గణ్య సమితులను కలిపినా గణ్యమవుతుందన్న భరోసా కూడా పోతుంది, ఆ దిక్కుమాలిన లోకంలో ఎవరం బతకలేం. వచ్చేటప్పుడు మాత్రం తలుపు కొట్టండి.

ఇట్లు,
'తీసుకుందాం' అన్నచోటల్లా ఎర్రపెన్నుతో సున్నా చుడుతున్న
మీ విధేయుడు

తా.క.: ఈ ఉత్తరం కాపీలు పంపాల్సిన వాళ్ళు పదకొండు మంది. ఒక్కొక్కరి ఇంట్లో ఎవరో ఒకరికి ఇస్తే చాలు. పదకొండే కాబట్టి తమరి సాయం అక్కర్లేదు, శ్రమపడకండి.